పందొమ్మిదో పాఠం, మిగతా సగం

ముందు నాకొకటి చెప్పండర్రా. దీపం లేని గదిలో, తాళాలు వేసేశాక, ఎవరో పుస్తకం పైకి చదువుతున్నారనుకోండి. ఆ చదివేది ఎవరై ఉంటారు?

దెయ్యమా? సరే. జవాబు ‘దెయ్యం’ అని ఒక పక్కన రాసిపెట్టుకోండి. కొట్టెయ్యాలో, ఉంచాలో చివర్లో చూద్దాం. నువ్వు దుప్పటి ముసుగు తియ్యి ముందు, ఇంకా కథే మొదలవలేదు.

ఒక లైబ్రరీలో, పై అంతస్తుకి వెళ్ళే మెట్ల కింద, ఒక చిన్న గది ఉంది. తల వంచితే గానీ లోపలికి వెళ్ళలేం. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద పాత కంప్యూటర్. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు పసుపు తిరిగిపోయింది. గది బయట పెద్ద రీడింగ్ హాలు. హాలు గుమ్మం పక్కన చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి. ఎంత బిగించినా టప్... టప్... మని కారుతూనే ఉంటుంది.

ఆ గదికి మంచి పేరు లేదు.

రాత్రి తొమ్మిది దాటాక, ఒక్క లైటూ లేని చోట, ఆడగొంతు ఒకటి పాఠం చదువుతుందట. నిదానంగా, మాట మాటా విడదీసి... ఆరేళ్ళ కిందట పోయిన లైబ్రేరియనమ్మ గొంతేనని వాచ్‌మన్ ఒట్టేసి మరీ చెప్పేవాడు. ఆ గొంతు మొదలైందంటే గేటు దగ్గర ఆయన కుర్చీ నాలుగడుగులు రోడ్డు వైపు జరిగేది. అలా జరిగి జరిగి కొన్ని రాత్రులు నడిరోడ్డు మీదే ఉండేది.

అలాంటి గదికి ఒకరోజు రాత్రి కంప్యూటర్ మెకానిక్ ఒకడు రావలసి వచ్చింది. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుందని అందరూ స్క్రూబాబు అని పిలిచేవారు. స్క్రూబాబుకి దెయ్యాలంటే భయం లేదు. అంతకంటే పెద్ద భయం ఒకటుంది. అదేమిటో చెప్తాను.

ఆరేళ్ళ కిందట, ఆ లైబ్రేరియనమ్మ బతికుండగా, అదే కంప్యూటర్ ఒకరోజు తెరుచుకోవడం మానేసింది. మీట నొక్కితే నల్లటి తెర, తెల్లటి అక్షరాలతో రెండు ముక్కలు, అంతే. చూడడానికి వచ్చింది ఇతనే.

“బాబూ, ఇందులో పందొమ్మిది పాఠాలున్నాయి. మా చెల్లెలి కూతురి కోసం చదివి, నా గొంతుతో దాచాను. మిగతావేం పోయినా ఫరవాలేదు. అవి దొరికితే చాలు.”

చదివి దాచడం ఎందుకు, ఆ పిల్ల తానే చదువుకోవచ్చుగా అని అతను అడగలేదు. అడగడానికి తీరిక లేదు. బయట స్నేహితుడు బండి మీద కూర్చుని ఆపకుండా హారన్ కొడుతున్నాడు. సినిమా మొదటాటకి టైమైపోతోంది.

ఇక్కడ కాస్త ఆగండి, ఒక సంగతి తెలుసుకోవాలి. కంప్యూటర్ తన జ్ఞాపకాలన్నీ దాచుకునే పెట్టెని డిస్క్ అంటారు. ఆ రోజు డిస్క్ చెడిపోలేదు. కంప్యూటర్ తెరుచుకోవడానికి అందులో రాసి ఉండే నాలుగు ముక్కలు మాత్రం పాడయ్యాయి. తాళంచెవి పోయినంత మాత్రాన ఇల్లు పోయినట్టా? కాదు కదా. కానీ తాళం తియ్యాలంటే కూర్చోవాలి, ఓపిగ్గా చూడాలి.

వాళ్ళ పనిలో తొందరున్నప్పుడు అనే మాట ఒకటుంది. అది అన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. అతను అదే అన్నాడు.

“డిస్క్ పోయిందమ్మా.”

“పోయిందంటే... అందులో ఉన్నవి?”

“అవీ పోయినట్టే.”

ఆవిడ ఆ నల్లటి తెరని కొంగుతో ఒకసారి తుడిచింది. తర్వాత, “పోనీలే బాబూ, నువ్వు మాత్రం ఏం చేస్తావ్! ఇంతసేపు వంగి కూర్చున్నావు, నడుం పట్టేసుంటుంది” అంది.

అతను తన సంచిలో ఉన్న వేరే డిస్క్ పై అరలో బిగించాడు. పాతదాన్ని బయటికి తియ్యాలంటే అవతలి వైపు నాలుగు స్క్రూలు విప్పాలి. అందుకూ టైము లేదు. దాని వైరు పీకి, దాన్ని కింది అరలోనే వదిలేశాడు. తర్వాత వచ్చే మెకానిక్ తికమకపడకుండా దాని మీద కాగితం ముక్క ఒకటి అంటించాడు — ‘పోయింది’ అని రాసి. మూత పెట్టాడు. సినిమాకి వెళ్ళాడు.

ఆవిడ మొదటి పాఠం నుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. అప్పటికే దగ్గు. దగ్గుతూనే చదివింది. ఏడో పాఠం దాకా వచ్చింది...

అయిదు నెలలకి పోయింది.

ఆ కబురు తెలిసిన రోజు నుంచీ స్క్రూబాబు ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాడు. పని ఎక్కడున్నా చుట్టు తిరిగే వెళ్ళేవాడు. చుట్టు ఎందుకురా అంటే, ఆ రోడ్డు బాగాలేదనేవాడు.

మరి ఇప్పుడెందుకు వచ్చాడంటే, కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ ఫోన్ చేశాడు. “రేపు పొద్దున్నే పాత సామాన్ల బండి వస్తోంది. ఈ రాత్రికి అన్నీ కొత్తగా ఎక్కించి నడిపించగలిగితే ఉంచుతాను. లేదా, ఎత్తించేస్తాను.” కుదరదని చెబుదామనే నోరు తెరిచాడు. “వస్తాను సార్” అని వచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు తగ్గించి అన్నాడు, “అబ్బాయ్, తొమ్మిదిలోపు బయటపడు.”

“తొమ్మిదికి ఏమవుతుంది బాబాయ్?”

“పాఠం మొదలవుతుంది.”

“నువ్వెప్పుడైనా లోపలికెళ్ళి చూశావా?”

“నాకు చదువు రాదు. నేను వెళ్ళి ఏం చెయ్యను!”

గదిలో లైటు వేసుకుని, మీట నొక్కి, సి.డి. పెట్టాడు. ఎక్కుతోంది... పది శాతం, ఇరవై, ముప్ఫై. ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోయింది. లోపల టిక్... టిక్... మని గోరుతో కొట్టినట్టు చప్పుడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ముప్ఫై నాలుగు. మూడోసారీ అంతే.

అతను పెట్టిన డిస్క్ ఈసారి నిజంగానే పోయింది. ఆ సంగతి మొదటి టిక్కుకే అతనికి తెలుసు. ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి ఇంటికి పోవచ్చు. కానీ ఆ గదిలో, ఆవిడ కూర్చున్న కుర్చీలో కూర్చుని, ఆ మాట ఇంకోసారి అనడానికి నోరు రాలేదు. నిజమే అయినా రాలేదు.

కంప్యూటర్ ఆపేసి మూత విప్పాడు.

లోపలంతా దుమ్ము. కింది అరలో... ఆ పాత డిస్క్. పక్కనే వేలాడుతున్న వైరు. కాగితం పసుపుపచ్చబడింది గానీ, అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘పోయింది.’ తన చేతిరాతే.

చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు మూత పెట్టేస్తే? పొద్దున బండి వస్తుంది. కాగితంతో సహా పోతుంది. ఎవరికి తెలుస్తుంది?

మూత పెట్టాడు. ఒక స్క్రూ బిగించాడు. రెండు. మూడోది బిగిస్తుండగా...

హాల్లో ఎక్కడో తలుపు కిర్రుమంది.

చెయ్యి ఆగిపోయింది. గుమ్మంలోంచి చూశాడు. హాలంతా చీకటి. ఆ చీకట్లో అడుగులు... తడబడకుండా, బల్లలకి తగలకుండా. కుర్చీ జరిగింది. కాగితం తిరగేసిన చప్పుడు. టప్... కుళాయి.

తర్వాత గొంతు.

“భూమి... తన చుట్టూ తాను తిరుగుతుంది. మనమూ... దానితో పాటే తిరుగుతున్నాం. అయినా... మనకి ఆ సంగతి తెలియదు...”

అదే గొంతు. ‘పోనీలే బాబూ’ అన్న గొంతు.

స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారి పడింది.

చదువు ఆగిపోయింది. “ఎవరు?”

అడుగులు గది వైపే వస్తున్నాయి. అతని నోట్లోంచి ఒక మాట వచ్చింది — “క్షమించమ్మా...”

“దేనికి?”

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చేతివేళ్ళు తలుపు చెక్క మీద. చూపు అతని మీద కాదు, అతని భుజం పైన ఎక్కడో.

“మీరు... చీకట్లో ఎలా...” అన్నాడు.

“చీకటిగా ఉందా?” అని నవ్వింది. “నాకు లైటుతో పని లేదన్నా. నాది చుక్కల పుస్తకం, వేళ్ళతో చదువుతాను. నాలాంటి పిల్లల కోసం చదివి రికార్డు చేస్తుంటాను. పగలైతే ఒకటే సందడి. వెనక తలుపు తాళంచెవి మా పెద్దమ్మది, నా దగ్గరుండిపోయింది. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. వాచ్‌మన్ తాత భయపడుతున్నాడని తెలుసు, నాదీ పెద్దమ్మ గొంతే మరి. కుర్చీ ఈడ్చుకెళ్ళే చప్పుడు రోజూ వినిపిస్తుంది, పాపం.”

అతను నవ్వలేకపోయాడు. పెద్దమ్మ. చెల్లెలి కూతురు. చదివి దాచడం ఎందుకో ఇప్పుడు, ఆరేళ్ళకి, అర్థమైంది.

“ఆ కంప్యూటరేనా మీరు బాగుచేసేది? అందులో పెద్దమ్మ పాఠాలుండేవి.” ఆమె నెమ్మదిగా అంది, “డిస్క్ పోయిందట.”

తను అన్న మాట తనకే తిరిగి వినిపించింది.

మూడో స్క్రూ విప్పాడు. రెండోది. మొదటిది. కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు. పై డిస్క్ వైరు తీసి కింది డిస్క్‌కి తగిలించాడు. సి.డి.తో ఆ పాడైన నాలుగు ముక్కలూ సరిచేశాడు. గోడ గడియారం చూశాడు.

ఇరవై నిమిషాలు పట్టింది. అంతే. ఇరవై నిమిషాల పని.

తెర వెలిగింది.

“వచ్చావా? చేతులు కడుక్కుని కూర్చో.”

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అన్నది ఆ అమ్మాయి కాదు. ఆమె పెదవులు బిగించి, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

ఆమే చెప్పింది. “కంప్యూటర్ సిద్ధమైందని నాకు తెలియాలిగా... అందుకని పెద్దమ్మ అలా పెట్టింది. పుస్తకం ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాలి, అది ఆవిడ చట్టం.” చెంపలు తుడుచుకుంది. “అందరూ పోయిందన్నారన్నా. మీరు తెచ్చారు. మీ మేలు...”

అంతకంటే తిట్టినా బాగుండేది. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చేతులు కడుక్కున్నాడు. దుమ్ము పోయింది. అయినా ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

“పందొమ్మిదోది పెట్టండి. అదొక్కటే నేను వినలేదు. మర్నాటికే ఇది తెరుచుకోలేదు.”

పెట్టాడు. చంద్రుడి మీద పడే నీడ గురించిన పాఠం. ఆవిడ చదువుతోంది... దగ్గింది... మళ్ళీ చదివింది. నడిమధ్యలో ఆగింది.

“ఇవాళ్టికి సగం చాలు తల్లీ. ఈ పెట్టె ఏదో చప్పుడు చేస్తోంది. మెకానిక్ అబ్బాయిని రేపు రమ్మన్నాను. ఫోన్లో మాట మెత్తగా ఉంది, మంచివాడిలా ఉన్నాడు. బాగుచేస్తాడులే. మిగతా సగం అప్పుడు చదువుకుందాం.”

టప్... టప్...

“ఆ అబ్బాయెవరో మీకు తెలుసా అన్నా? మీ పనివాళ్ళల్లోనే ఎవరో అయ్యుంటాడు.”

జేబులోని కాగితం తడుముకుని అన్నాడు. “నేనే.”

అంతా చెప్పాడు. హారన్, సినిమా, విప్పని నాలుగు స్క్రూలు, జేబులో ఉన్న కాగితం. ఆమె కదలకుండా వింది. విని, ఒక్కటే అడిగింది.

“ఏ సినిమా?”

అతను ఆలోచించాడు. ఎంత ఆలోచించినా...

“గుర్తులేదమ్మా.”

ఆమె తలుపు చెక్క మీద వేలితో ఏదో రాస్తున్నట్టు నిలబడిపోయింది. ఏడో పాఠం దాకా ఆవిడ రెండోసారి దగ్గుతూ చదివింది, ఆ పక్కనే కూర్చుని విన్నది ఈ పిల్లే.

“మిగతా సగం నేను చదవను” అంది చివరికి. “మీరే చదవండి. తప్పుల్లేకుండా. అది నాకు తెచ్చివ్వండి.”

పొద్దున పాత సామాన్ల బండి ఖాళీగానే వెళ్ళింది.

ఇదంతా నీకెలా తెలుసంటారా? స్క్రూబాబు నా శిష్యుడే. చివరి బెంచీ. లేచి చదవరా అంటే, గొంతు నొప్పి టీచర్ అనేవాడు. అది అబద్ధమని తెలుసు. అయినా, పోనీలే అని నేనూ వదిలేసేదాన్ని. నలభై మంది పిల్లలు, ఒక్కడి దగ్గర ఎంతసేపని ఆగుతాం... అనుకునేదాన్ని. వాడు గుమ్మంలోకొచ్చి ‘చదవడం నేర్పండి టీచర్’ అన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, ఇందాక రాసుకున్న జవాబు సంగతి చూద్దాం. దెయ్యం... కొట్టేద్దామా, ఉంచుదామా? ఆ వాచ్‌మన్ అయితే కొట్టేసి కుర్చీ లోపలికి తెచ్చుకున్నాడు. స్క్రూబాబుకి మాత్రం రాత్రిళ్ళు ఇంకా హారన్ వినిపిస్తూనే ఉందట. మీరే ఆలోచించి పెట్టండి, రేపు అడుగుతాను.

అదిగో... గేటు చప్పుడు! అరవకండర్రా, వాడే. రోజూ ఈ వేళకే వస్తాడు. ఆ మిగతా సగంలో, రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర గొంతు పూడుకుపోయి ఆగిపోతున్నాడు, నెల్లాళ్ళుగా. ఇవాళైనా అది దాటించాలి. నేను వెళ్తున్నాను, మీరు పడుకోండి.

కుళాయి చప్పుడు వినిపిస్తే భయపడకండి. చేతులు కడుక్కుంటున్నాడు.