వెనక మెట్ల చప్పుడు

ఆ మేడ వెనక ఇనప మెట్ల పేరెత్తితే చాలు, అక్కడివాళ్లు మాట మార్చేసేవారు.

పగలైతే ఫరవాలేదు. బంతి పడితే పిల్లలు పరుగున వెళ్లి తెచ్చుకునేవారు. రాత్రి పది దాటిందంటే మాత్రం — నాలుగంతస్తుల్లోనూ వంటింటి వెనక తలుపులకి పైగడియ, కిందగడియ, రెండూ పడాల్సిందే.

మేడకి ముందువైపు మంచి మెట్లున్నాయి. రాతి మెట్లు, వెడల్పుగా, నున్నగా. వెనకవి వేరు. ఒక మనిషి ఒదిగి ఎక్కేంత ఇరుకు. మరుగుదొడ్లు కడిగేవాళ్లు ముందు మెట్ల మీద అడుగు పెట్టకూడదని, మేడ కట్టినప్పుడే వాళ్ల కోసం విడిగా వేయించారు. వెనకనించి రావాలి, కడగాలి, వెనకనించే పోవాలి. ఎవరి కంటా పడకూడదు.

ఎప్పటి మాటో ఇది. కుండపోతగా వాన కురుస్తున్న ఒక సాయంత్రం, బకెట్టు మోసుకు దిగుతున్న ఒకామె కాలు జారి మూడో అంతస్తునించి పడింది. నడుం విరిగింది. ప్రాణం పోలేదు... వెంటనే పోలేదు. "నీళ్లు... నీళ్లు..." అంటూ రాత్రంతా అక్కడే పడి ఉందట. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. ఆమెని ముట్టుకునేదెవరు? కబురందుకుని ఆమె వాళ్లు వచ్చేసరికి తెల్లారిపోయింది.

అప్పట్నించీ తిరుగుతోందనేవారు. టంగ్... టంగ్... అని మెట్లెక్కుతుందట. నీళ్లడుగుతుందట. పలికితే ఇక అంతే సంగతులు.

ఈ కథ చెప్పిన వాళ్లంతా దెయ్యానికి భయపడేవారు. ఆ రాత్రి కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లెవరో ఎవరూ అడిగేవారు కాదు.

ఆ మేడ మూడో అంతస్తులోకి చాలా ఏళ్ల కిందట ఒక జంట అద్దెకి దిగింది. భర్తకి అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ. భార్య రక్తపరీక్షలు చేసే చోట పనిచేసేది. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుందని నెల తిరక్కుండానే పేరొచ్చింది. మేడంతా ఆమెని సూదమ్మాయి అనేవారు. ముసలీ ముతకా పొద్దున్నే వచ్చి, చెయ్యి చాచి ఆమె ముందు బుద్ధిగా కూర్చునేవారు.

ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున, కింద అంతస్తులో ఉండే ఇంటామె మిగతా సంగతులన్నీ పక్కన పెట్టి ముందు అడిగిన మాట ఒకటే.

"మీరేమిట్లు?"

భర్త తన కులం చెప్పాడు. ఇంటామె ముఖం విప్పారింది.

"మరి నీ తరఫువాళ్లు, అమ్మాయ్?"

భర్త నోరు తెరిచేలోపు సూదమ్మాయే అంది — "ఎవరూ లేరండీ. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు."

భర్త ఆమె వంక ఒకసారి చూసి ఊరుకున్నాడు. "అయ్యో పాపం" అని ఇంటామె తాళంచెవి చేతిలో పెట్టింది.

తరవాత బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చప్పుడు మొదలైంది అప్పుడే.

రాత్రి రెండయ్యేది. ఊరంతా సద్దుమణిగేది. కిందనించి — టంగ్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ — టంగ్... టంగ్... తొందరేమీ లేని అడుగులు. ఒక అంతస్తు. రెండో అంతస్తు. మూడో అంతస్తు దగ్గరికొచ్చి, సరిగ్గా సూదమ్మాయి వంటింటి తలుపు బయట... ఆగిపోయేవి.

నాలుగో అంతస్తుకి ఒక్కరోజూ పోలేదు.

"పసిబిడ్డ ఉన్న కొంప వెతుక్కుంటూ వస్తోందే తల్లీ" అని ఇంటామె గుండెలు బాదుకుంది. మళ్లీ తనే నవ్వి, "నీకేం భయంలే. మా అందరి రక్తం లాగేదానివి, నిన్ను చూసి అదే పారిపోవాలి" అంది.

అందరూ నవ్వారు. సూదమ్మాయి కూడా నవ్వింది.

ఒక రాత్రి బిడ్డ కడుపునొప్పితో గుక్కపట్టి ఏడుస్తోంది. భుజాన వేసుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది సూదమ్మాయి. అప్పుడు వినబడింది — టంగ్. టంగ్... టంగ్... దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికొచ్చింది... ఆగింది.

తలుపుకి అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

సూదమ్మాయి చెయ్యి గడియ దాకా వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. చెమటతో ఇనప గడియ తడిసింది. అవతలనించి సన్నగా ఒక కూనిరాగం. మాటల్లేవు, ఉత్త రాగం. బిడ్డ ఏడుపు తగ్గింది. వెక్కిళ్లు పెట్టింది. నిద్రపోయింది.

అప్పుడు అడుగులు వెనక్కి మళ్లాయి. టంగ్... టంగ్... టంగ్...

సూదమ్మాయి గడియ తియ్యలేదు. తలుపుకి వీపు ఆనించి, తెల్లారేదాకా నేలమీద కూర్చుంది.

"నిన్న రాత్రి విన్నావా?" పొద్దున్నే అడిగింది ఇంటామె.

"విన్నానండీ. భయమేసింది."

ఆ మాటా నిజమే.

ఇంటామె ఇక ఊరుకోలేదు. "ఇవాళ తేల్చేస్తాను. వాచ్‌మన్ని, నాలుగో అంతస్తు పంతులుగారిని మెట్ల కింద కాపలా పెడతాను. దెయ్యమో దొంగో తెలిసిపోతుంది."

"ఇవాళెందుకు ఆంటీ... ఇంకోరోజు చూద్దాం. మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు..."

"నీ బిడ్డ కోసమేనే పిచ్చిదానా!"

ఆ రోజు పనిలో, మొదటిసారి, సూదమ్మాయి ఒక ముసలాయనకి రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది.

రాత్రి వచ్చింది. రెండయింది. మేడంతా ఊపిరి బిగబట్టింది.

టంగ్.

టంగ్... టంగ్... రెండో అంతస్తు దాటింది. మూడోది చేరింది. అంతే — కిందనించి టార్చిలైటు భగ్గుమంది. "ఎవర్రా అది!" అని వాచ్‌మన్ కేక. పంతులుగారి ఈల. దబదబా తలుపులు తెరుచుకున్నాయి. ఇంటామె ముందువైపు మెట్లెక్కి, సూదమ్మాయి ఇంట్లోంచి నడిచి, తనే రెండు గడియలూ లాగేసింది.

వెలుతురులో ఒక ముసలామె.

సన్నగా, పొట్టిగా ఉంది. రోడ్లు ఊడ్చేవాళ్లకిచ్చే కోటు, ఆమెకి రెండింతలున్న మనిషికి కుట్టింది, మోకాళ్లదాకా వేలాడుతోంది. కాళ్లకి చెప్పుల్లేవు. విప్పి చేత్తో పట్టుకుంది — చప్పుడు కాకూడదనేమో. పాతబడి వదులైన ఆ ఇనప రేకులు మాత్రం ఏ కాలు పెట్టినా మోగుతాయి.

వాచ్‌మన్ పరుగున ఎక్కొచ్చి ఆమెని పట్టుకోబోయాడు. "చేత్తో వద్దు!" అంది ఇంటామె. అతను కర్ర అడ్డంగా పెట్టి, దాంతో ఆమెని గోడకి నొక్కి నిలబెట్టాడు.

"ఎవరే నువ్వు? ఇక్కడేం పని?"

"సందులు ఊడ్చేదాన్నమ్మా. పసిబిడ్డ ఏడుపు వినబడితే... ఎందుకేడుస్తోందోనని..."

"రోజూనా? మూడంతస్తులెక్కా?" ఇంటామె గిర్రున తిరిగింది. "అమ్మాయ్, ఈమె నీకు తెలుసా?"

సూదమ్మాయి పెదవులు కదిలాయి.

ముసలామె ఆ పెదవుల వంక చూసింది. ఒక్క క్షణం. తరవాత గబగబా అంది —

"అమ్మగారికి నేనెట్లా తెలుస్తానమ్మా? వాళ్లెవరో నాకూ తెలీదు. తప్పయిపోయింది. నిద్ర చెడగొట్టాను... క్షమించండి అమ్మగారూ."

ఆ చివరి మాట ఇంటామెతో అన్నది కాదు. తన కడుపున పుట్టిన కూతురితో అంది.

చేతులు జోడించింది. కర్ర తీశారు. చెప్పులు చంకలో పెట్టుకుని, ఎక్కినంత నెమ్మదిగానే దిగి వెళ్లిపోయింది. సూదమ్మాయి గుమ్మం దాటలేదు.

మేడంతా హాయిగా నవ్వుకుంది. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఊడ్చే ముసలిది!" మర్నాడు ఇంటామె ఆ మెట్లన్నీ రెండుసార్లు కడిగించి, కింద తలుపుకి తాళం వేయించింది.

సూదమ్మాయి ఒక సంగతి చాలా ఏళ్లదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ అడుగులెవరివో ఆమెకి ముందే తెలుసు. బిడ్డ నిద్రపోయిన ఆ రాత్రే తెలుసు. ఆ కూనిరాగం విని తనే ఒకప్పుడు నిద్రపోయేది. "కొన్నాళ్లు మా ఇంటికి రావద్దమ్మా, బిడ్డని నేనే తీసుకొచ్చి చూపిస్తాలే" అని చెప్పి నాలుగు నెలలయింది. పనికెళ్లే దారిలో ఒక్క నిమిషం ఆగి, "ఇవాళ రాకు, కాపలా ఉన్నారు" అని చెప్పడానికి పగలంతా వ్యవధి ఉంది. తల్లి ఉండే వీధిలోకి వెళితే ఎవరైనా చూస్తారని వెళ్లలేదు. దెయ్యమన్న పేరు ఉన్నన్నాళ్లూ ఆ ముసలామె ఎవరని ఎవరూ అడగరు. ఆ ధీమాతోనే ఆమె ఆ రాత్రి గడియ మీద చెయ్యి వేసి నిలబడింది.

మూడు రోజులు ఎలాగో గడిచాయి. నాలుగో రోజు తెల్లవారకముందే బిడ్డని శాలువాలో చుట్టి బయల్దేరింది. తెలిసిన వీధే. తెలిసిన తలుపే. కొట్టింది.

తల్లి తలుపు తీసింది. కూతురి ముఖం చూళ్లేదు. ముందు ఆమె భుజం మీదనించి వీధి ఈ చివరా ఆ చివరా చూసింది. చెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపు మూసి, అప్పుడు గుసగుసగా అడిగింది.

"ఎవరన్నా చూశారా నువ్వు రావడం?"

"లేదమ్మా."

"పెద్ద రోడ్డు మీంచే వచ్చావా?"

"లేదు... వెనక సందులోంచి వచ్చాను. తల మీద శాలువా కప్పుకుని."

తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"మంచి పని చేశావు తల్లీ" అంది.

ఆ మాట మనసారా అంది. బిడ్డ కోసం రెండు చేతులూ చాచింది. సూదమ్మాయి బిడ్డని అందించి, గోడవైపు తిరిగి నిలబడింది.