మూలింటి ఎర్రలైటు

ఆ మూడో అంతస్తు మూలింటికి వెళ్ళమంటే మా టెక్నీషియన్లలో ఒక్కడికీ కాలు కదిలేది కాదు. ఒకడికి అప్పటికప్పుడు జ్వరం వచ్చేది. ఇంకొకడి బండి ఉన్నట్టుండి పంక్చరయ్యేది. ఇంటర్నెట్ కనెక్షన్ బాగుచెయ్యడానికి ఇంత భయమేంటని మీరు నవ్వుకోవచ్చు.

అంతకు ఏడాదిన్నర ముందు, ఆ ఇంటి కిటికీ బయట సన్‌షేడ్ మీద నిలబడి, వానలో కేబుల్ అతుకుతూ మావాడొకడు జారిపడ్డాడు. బాగా పొడగరి. అందుకే అందరం ‘నిచ్చెన’ అనేవాళ్ళం. సాయంత్రం ఏడుంపావు. పడ్డవాడు మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు అద్దెకి దిగి, ఇద్దరూ ఖాళీ చేశారు. నాలుగు చినుకులు పడితే చాలు — రౌటర్ మీద ఎర్రలైటు. వాన వెలిస్తే దానంతటదే పచ్చలైటు. “నిచ్చెన పని ఇంకా పూర్తికాలేదు” అని ఆఫీసులో గుసగుసలాడుకునేవాళ్ళు.

నేను కంప్లైంట్ డెస్క్‌లో పనిచేసేదాన్ని. ఫోనెత్తడం, రాసుకోవడం, మనిషిని పంపడం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం నేను ఫోన్లో విన్నది. మిగతా సగం మీసాలాయన చెప్పింది. మా టెక్నీషియన్లలో పెద్దాయన, కోతలు కొయ్యడం తెలియని మనిషి.

ఆ వానాకాలం మూలింట్లోకి ఒకావిడ దిగింది. ఒంటరిది. నలభై దాటుంటాయి. కొత్త కనెక్షన్ కావాలని ఫోన్ చేసింది. మీసాలాయన తప్ప ఎవరూ ఒప్పుకోలేదు.

ఆయన వెళ్ళి మెట్ల వైపు నుంచి కొత్త కేబుల్ లాగాడు, అతికాడు, రౌటర్ గోడకి బిగించాడు. లైట్లన్నీ పచ్చగా వెలిగాయి. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు కింద పెడుతుండగా —

ఎర్రలైటు.

టైము చూశాడు. ఏడుంపావు.

అడాప్టర్ మార్చాడు. రౌటరే మార్చాడు. కిందికెళ్ళి మెట్ల దగ్గర పెట్టెలో మీటరు పెట్టి చూశాడు... అక్కడ సిగ్నల్ శుభ్రంగా ఉంది. పైకొచ్చి చూస్తే లేదు. వాన కూడా లేదారోజు.

సరే, లోపల సెట్టింగులు చూద్దామని తన ఫోన్లో రౌటర్ పేజీ తెరిచాడు. వైఫైకి ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో అందులో పేర్లు కనపడతాయి. ఒకటి ఆయన ఫోన్. రెండోది ఆవిడ లాప్‌టాప్.

మూడోది... ‘నిచ్చెన’.

“అమ్మా, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?” అని మెల్లగా అడిగాడట.

“లేరే... ఏం?”

ఆయన టూల్‌బ్యాగ్ అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

మర్నాడు ఆవిడ ఫోన్. ఆ మర్నాడు కూడా. అరవదు, తిట్టదు. “ఏడుంపావుకి పోయిందమ్మా. రాసుకోండి” అంటుంది, అంతే. ఐదో కంప్లైంటు పడితే సూపర్‌వైజరే స్వయంగా వెళ్ళాలని మా కంపెనీ రూలు. ఆవిడకి ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, “ఇది ఐదోది కదమ్మా?” అని తనే గుర్తుచేసింది.

సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. “పొద్దున వెళ్తాలే” అన్నాడు.

“ఆవిడ సాయంత్రమే రమ్మంటున్నారు సార్. పొద్దున లైను బాగానే ఉంటుందట” అన్నాను.

మీసాలాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మీసాలాయన మాత్రం మెట్ల దగ్గర పెట్టెని వదిలి ఒక్క మెట్టు ఎక్కనన్నాడు.

సన్నగా వాన మొదలైంది. అప్పుడే నా డెస్క్ మీద ఫోన్ మోగింది. మూలింటి నంబరు. ఎత్తాను. ఎవరూ మాట్లాడలేదు. పెట్టెయ్యబోతుంటే — సూపర్‌వైజర్ గొంతు, దూరం నుంచి.

“ఎర్రలైటే ఉందండీ. మీ వైఫై పేరేంటి?”

“మీ ఫోన్లో చూడండి. కనిపిస్తుందిగా.”

వాన చప్పుడు... ఆ తర్వాత ఏదో గిన్నె పడ్డట్టు చప్పుడు. ఆయన చేతిలోని ఫోన్ అని తర్వాత తెలిసింది. ఫోన్లో, చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్ల మధ్య, ఒక పేరు తెలుగులో ఉంది —

‘బెల్టు ఏది సార్?’

“ఎవరు... ఎవరు పెట్టారీ పేరు?”

“ఏ పేరండీ? నాకేం తెలుసు. ఆ కిటికీ మూస్తారా కాస్త? జల్లు కొడుతోంది.”

కిటికీ దాకా వెళ్ళాడో లేదో తెలియదు. ఒక్కసారిగా ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది.

“ఇవ్వలేదురా... నడుముకి కట్టుకునే సేఫ్టీ బెల్టు ఇవ్వలేదు. స్టోరు తాళం నా దగ్గరే ఉంది. మళ్ళీ వెనక్కెవడు వెళ్తాడులే అని... పదినిమిషాల పనేగా అన్నాను. రిజిస్టర్లో నీ సంతకం నేనే పెట్టాను. నువ్వే బెల్టు తీసుకుని కట్టుకోలేదని రాశాను. తప్పయిపోయిందిరా, నన్నొదిలెయ్...”

తలుపు దడేల్మంది. మెట్ల మీద అడుగులు. కింద నిలబడ్డ మీసాలాయన్ని గుద్దుకుని మరీ పరిగెత్తాడట.

రిసీవర్ చెవికి అంటుకుపోయినట్టుంది. అప్పుడు ఆవిడ ఫోన్ తీసుకుంది.

“అమ్మాయ్... మీ ఆఫీసు ఫోన్లన్నీ రికార్డవుతాయి కదా?”

“అ... అవుతాయండీ.”

“మంచిది. నేను వాడి అక్కని.”

ఒక్కొక్కటీ చెప్పింది, పాఠం చెప్పినట్టు. తమ్ముడు పని నేర్చుకునే రోజుల్లో ఇంట్లో ఆవిడ ముందే సాధన చేసేవాడట. “ఈ కేబుల్లో వెళ్ళేది కరెంటు కాదక్కా, వెలుతురు. వేలికి గట్టిగా చుట్టావంటే ఆగిపోతుంది” అనేవాడట. ఆవిడ రోజూ చేసింది అదే — బీరువా వెనక కేబుల్ని వేలికి చుట్టడం. ‘నిచ్చెన’ అన్నది వాడు తన పాత ఫోన్‌కి పెట్టుకున్న పేరు, ఆ ఫోన్ ఆవిడ ట్రంకుపెట్టెలో ఉంది. వైఫై పేరు లోపలి గదిలో కూర్చుని మార్చింది. బెల్టు ఇచ్చుంటే వాడు కట్టుకోకుండా ఎక్కడని ఆవిడకి తెలుసట.

“మరి ముందున్నవాళ్ళకి వానొస్తే పోయేది కదండీ?” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

“వాడు అతుకుతూ పడిపోయిన చోట అతుకు సగంలోనే ఉంది. వానొస్తే ఆ పాత కేబుల్లోకి నీళ్ళు దిగేవి. ఏడాదిన్నరలో మీలో ఒక్కడూ కిటికీలోంచి తల బయటపెట్టి చూడలేదు.”

అలవాటు కొద్దీ ‘అతుకు సగంలో’ అని కంప్లైంట్లో రాసుకున్నాను.

“వాణ్ణి చివరిచూపు చూడ్డానికి కూడా మీ ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. వచ్చుంటే మీ సూపర్‌వైజర్ నన్ను గుర్తుపట్టేవాడు.” ఊపిరి తీసుకుంది. “నేను మాత్రం నీ గొంతు గుర్తుపట్టాను.”

“నా గొంతా?” అన్నాను.

“ఆరోజు వాడు నా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు. ‘వానైనా సరే వెళ్ళాలట. కస్టమర్ ఒకటే గోల. నువ్వు వెళ్ళకపోతే నాకు మాటొస్తుంది’ అన్నావు. సగం తిని లేచాడు. అందుకే ప్రతిసారీ నీ డ్యూటీ టైము చూసుకునే ఫోన్ చేశాను. ఐదుసార్లు వాడి కోసం చేశాను. ఒక్కసారైనా నీకు వాడు గుర్తొస్తాడేమోనని.”

నిజం చెప్పాలంటే... ఆరోజు చేసిన ఆ ఫోన్ నాకు గుర్తు రాలేదు. ఆ మాట నేను రోజుకి పదిమందికి చెప్పేదాన్ని.

అరగంటకి సూపర్‌వైజర్ తడిసి ముద్దయి ఆఫీసుకొచ్చాడు. కాల్స్ లిస్టు చూశాడు. నా కుర్చీ వెనక నిలబడి, “ఆ రికార్డింగు చెరిపెయ్. నీ ఉద్యోగం నా చేతిలో ఉంది” అన్నాడు.

“చెరిపేశాను సార్” అన్నాను.

అప్పటికే కాపీ నా బ్యాగులో ఉంది.

మర్నాడు మూలింటికెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. దాంతోపాటు ఆరోజు నేను చేసిన ఫోన్ సంగతి కూడా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ కేసు పెడితే పోలీసులు రిజిస్టర్ పట్టుకెళ్ళారు. సంతకం నిచ్చెనది కాదని తేలింది. సూపర్‌వైజర్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నేను ఆ ఉద్యోగం మానేశాను.

కానీ ఆరోజు ఆ గుమ్మంలో జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఆవిడ నా కాగితం రెండుసార్లు చదివింది. మడిచి కొంగున ముడేసుకుంది. నేను ఏడుస్తూ, “నన్ను క్షమించండి అక్కా” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు.

“మీ సూపర్‌వైజర్ సంగతి అయిపోయింది” అంది. “నీ సంగతి ఇంకా ఆలోచించలేదు.”

మెల్లగా తలుపు వేసుకుంది.