శాంతాబాయి డబ్బా

ఆ పొద్దున ఆకాశం తేటగానూ లేదు, మబ్బు పట్టీ లేదు. నాచారం కంపెనీల పొగా మొగులూ కలిసిపోయి, వాన వస్తుందో రాదో తెలియకుండా ఉంది.

పోశయ్య స్నానం చేస్తుంటే భార్య వెంకటనర్సమ్మ అతని సంచిలో అన్నం సర్దుతోంది. అడుగున మళ్లీ ఆ డబ్బా తగిలింది. తమది కాదు. మూడు నెలలుగా జీతాల రోజున మాత్రమే సంచిలో కనబడుతోంది. ఆ రోజు మనిషి ఇంటికి ఆలస్యంగా వస్తాడు. మూత తీసి వాసన చూసింది. కూర వాసన లేదు. ఏదో పేరు చెక్కి ఉంది. కూతురికి చూపించింది.

"దీపా, ఏం రాసుందే?"

"శాంతాబాయి. ఎవరమ్మా?"

వెంకటనర్సమ్మ మూత గట్టిగా మూసింది. గిన్నెల మీద ఇల్లాలి పేరే కదా చెక్కిస్తారు... అంటే ఎక్కడో ఈ పేరుగలామె పొయ్యి వెలిగిస్తోంది! దీపకు కాలేజీ ఫీజు బాకీ. బందులతో వాయిదా పడ్డ పరీక్షలు సోమవారం మొదలు. కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వం అన్నారు. "నా దగ్గర లేవు, జీతం అప్పులకే పోతది" అని రాత్రే అన్నాడు. మరి ఎవరి దగ్గరున్నట్టు?

"ఎవరిదయ్యా ఈ డబ్బా?"

"కంపెనీల ఒకామెది."

"ఏం వండి పెడ్తది?"

"ఏం వండదు." తువ్వాలతో తల తుడుచుకుని, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఏ మాటా సాగదీసే మనిషి కాదు. ఇన్నాళ్లూ అది మంచితనమనుకుంది. ఇయ్యాల అదే భయంగా ఉంది.

నాలుగింటికి ఉప్పల్‌లో బస్సెక్కి, కంపెనీ గేటుకు ఎదురుగా చాయ్ హోటల్ పక్కన నిలబడింది. షిఫ్టు వదిలారు. పోశయ్య గేటు దగ్గర ఆ డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మూసిన పిడికిలి అందులో పెట్టి, ఖాళీ చెయ్యి తీసుకుని పోతున్నారు. వెంకటనర్సమ్మ రోడ్డు దాటింది.

"శాంతాబాయి ఎవలు?"

చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్న తెల్లజుట్టు ముసలామె తలెత్తింది. "నేనే బిడ్డా."

పోశయ్యతో పనిచేసే తిరుపతి నవ్వాడు. "వదినా, అన్న మీద నిఘా పెట్టినవా ఏంది? ఫీజులు కట్టలేని పిల్లల కోసం ఇది. నాలుగేండ్లాయె."

"నా కొడుకు ఫీజు కట్టలేక సదువు ఇడిసిపెట్టిండు" అంది శాంతాబాయి. "ఇంకొకల పిల్ల ఇడవద్దని, నేను తినే డబ్బానే పట్టుకొని ఈడ నిలబడ్డ. ఇప్పుడు మోకాళ్లు నిలబడనిస్తలేవు. మీ ఆయన పట్టుకుంటుండు. అటెంక కాలేజీకి పోయి కట్టొస్తడు."

ఆలస్యమెందుకో తెలిసింది. అయినా వెంకటనర్సమ్మ పోశయ్య వైపు తిరిగింది.

"అందరి పిల్లలకు కడ్తవు. మరి నీ బిడ్డకు హాల్‌టికెట్ ఇస్తలేరని వీళ్లకు జెప్పినవా?"

గేటు దగ్గర అందరూ ఆగిపోయారు. తిరుపతి నవ్వు పోయింది. "దీపకా? ఎందుకు జెప్పలే అన్నా?"

పోశయ్య డబ్బాలోకి చూస్తూ అన్నాడు. "పట్టుకున్నోడు అండ్లకెల్లి తీసుకోవద్దు. అక్క పెట్టిన మాట."

శాంతాబాయి గోడ పట్టుకుని లేచింది. అతని చేతిలోంచి డబ్బా లాక్కుంది. "అయితే ఇయ్యాల్టి సంది నువ్వు పట్టుకోకు."

"ఇటియ్యక్కా" అన్నాడు తిరుపతి. "నాకింకా పెండ్లే కాలె, పిల్లల ఫికరెక్కడిది!" పైసలు దస్తీలో మూటగట్టుకున్నాడు. పొద్దున్నే దీపను తీసుకుని ఘట్‌కేసర్‌లో ఆమె కాలేజీకి పోయి కడతానన్నాడు.

ఖాళీ డబ్బా శాంతాబాయి చేతిలో మిగిలింది. వెంకటనర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. క్షమించమనాలనుకుంది... మాట వేరే వచ్చింది.

"మా ఇంట్ల రెండు మెతుకులు తిందువు రా అక్కా."

ఇంట్లో దీప కంచం పెట్టబోతే శాంతాబాయి డబ్బా ముందుకు జరిపింది. "దీంట్లనే పెట్టు బిడ్డా."

నాలుగేండ్ల తర్వాత అందులో అన్నం పడింది. వెంకటనర్సమ్మ పప్పు వేసి, పోశయ్యకు వడ్డించి, తానూ కూర్చుంది. నలుగురూ తిన్నారు.