అడగకుండా వదిలేసిన ప్రశ్న

"థీసిస్ అద్భుతంగా ఉంది. నాకేం అభ్యంతరాల్లేవు," అంటూ ఎస్కిల్ కాగితాలు సర్దేసుకున్నాడు.

న్యాకియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. పర్యావరణ విధానాలు చదవడానికి ఆమె నైరోబీ నుంచి స్వీడన్ వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ థీసిస్ రాసిన ప్రతివాళ్ళకీ తోటి విద్యార్థి ఒకరిని ప్రత్యర్థిగా నిలబెడతారు. నలభై నిమిషాలు తప్పులు పట్టడమే ఆ ప్రత్యర్థి పని. ఈ మహానుభావుడు ఆరు నిమిషాల్లో పొగిడేసి కూర్చున్నాడు!

"అసలు వాదనే జరగలేదు," అంది ప్రొఫెసర్ బిర్గిట్టా. "సోమవారం మళ్ళీ పెడదాం. అప్పుడూ ఇంతే అయితే ఇద్దరికీ పాస్ ఇవ్వలేను."

పాస్ రాకపోతే న్యాకియో డిగ్రీ లేకుండా ఇంటిదారి పట్టాల్సిందే. జూన్‌తో వీసా అయిపోతుంది.

బయట వాన. సైకిల్ స్టాండు రేకు కింద అతన్ని పట్టుకుంది.

"థీసిస్ చదివావా, అట్ట చూసి వచ్చావా?"

"మూడుసార్లు చదివాను."

"మరి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

ఎస్కిల్ నీళ్ళు నమిలాడు. "ఒక ప్రశ్న ఉంది. యూరప్ పాతబట్టలు ఆఫ్రికాకి పంపడం ఆపాలన్నావు. అవి అమ్ముకుని బతికేవాళ్ళ గతేంటి అని. కానీ నైరోబీలో మీ మేనత్త చేసేది అదే వ్యాపారమని నువ్వే చెప్పావు కదా. అందరి ముందూ అడిగితే నీకు బాధేస్తుందని..."

"బాధా! ఆ ఒక్క ప్రశ్నకే మూణ్ణెల్లుగా జవాబు పట్టుకుని తిరుగుతున్నా! మీ చిరుగు చొక్కాలు మా నదిలో తేలుతుంటే ఎవరికీ మొహమాటం లేదు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది! నా మీద జాలిపడ్డావు కదూ?"

"జాలి కాదు."

"మరేంటి?"

"ఇష్టం," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె గుండె ఝల్లుమంది. కోపం మాత్రం ఇంకా పెరిగింది.

"ఇష్టమైతే నా మాటకి విలువివ్వు! సోమవారం కనికరించావో, మళ్ళీ నా మొహం చూడకు." వానలోనే సైకిలెక్కి వెళ్ళిపోయింది.

సోమవారం ఎస్కిల్ లేచాడు. "బట్టల మూటలు ఆగిపోతే మీ అత్త కొట్టు మూతపడుతుంది. ఆవిడకేం చెప్తావు?"

న్యాకియో సూటిగా అతని వైపు తిరిగింది.

"మూటలో సగం చెత్తే వస్తోందంటుంది మా అత్త. అందుకే ముందు చెత్త పంపినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకెళ్ళాలి. మూటలు ఆపడం ఆ తర్వాత, ఐదేళ్ళ గడువిచ్చి."

"ఆ ఐదేళ్ళూ అయ్యాక?"

న్యాకియో తడబడింది. "అది... రాయలేదు. తప్పే. రాస్తాను."

అతను వదల్లేదు, ఆమె తగ్గలేదు. గంట దాటాక ప్రొఫెసరే ఇద్దరినీ ఆపి, పాస్ చేసి పంపింది.

వరండాలో న్యాకియో అతనికెదురుగా నిలబడింది. "నాకూ ఇష్టమే. కోపం మాత్రం ఇంకా పోలేదు."

అంతలో మేనత్త ఫోన్. న్యాకియో జరిగిందంతా చెప్పింది.

"ఇన్నేళ్ళుగా మూటలు పంపుతూనే ఉన్నారు గానీ, నా సంగతేంటని అడిగిన పాపాన పోలేదు ఒక్కడూ," అంది అత్త. "ఏడీ ఆ అబ్బాయి? ఫోనివ్వు."