పక్కకు వాలిన పిడి

"శ్రుతి చేసి వారమైనా కాలేదు, అప్పుడే అపస్వరమా! మీ ఆయనకు చెప్పండమ్మా, ఇంక వేరేవాళ్ళను చూసుకుంటాం!"

సంగీతం టీచరమ్మ ఫోన్ పెట్టేసింది. ఇల్లాలు ఫోన్ పక్కన పెట్టింది. ఇలా మాట పడడం ఇది మొదటిసారి కాదు. తలుపు వేసుకుని పాత పియానో ముందు కూర్చున్న భర్తకు ఈ మాట ఎలా చెప్పడం?...

పియానోలు శ్రుతి చేసే మనిషికి పెళ్ళాం కావడమంటే నోరు మూసుకుని గోడ అవతల కూర్చోవడమే! పనిలో ఉండగా అలికిడి కాకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. అన్నం చల్లారిపోయేది, ఆమె చెప్పాలనుకున్న కబుర్లూ చల్లారిపోయేవి. పిల్లాపాపా లేని ఇంట్లో ఆమెకు తోడు ఆ చప్పుడొక్కటే. ఆయన ప్రతి తీగనూ కావలసినదానికంటే కాస్త పైకి లాగి, మెల్లగా దించి, నిలబెట్టేవాడు. వినీ వినీ అది ఆమెకు కొట్టిన పిండి అయిపోయింది. ఇప్పుడో... స్వరం పైకి వెళ్ళి అక్కడే ఆగిపోతోంది. దించడం వినపడడం లేదు!

ఉండబట్టలేక లోపలికి వెళ్ళింది. ఆయన చేతిలోని పనిముట్టును సుత్తి అంటారు గాని అది కొట్టేది కాదు, తీగ చుట్టిన పిన్నుకు తొడిగి తిప్పే పొడవాటి పిడి. నిటారుగా ఉండాల్సిన ఆ పిడి పక్కకు వాలి ఉంది. ఆయన మోచెయ్యి డొక్కకు అతుక్కుపోయి ఉంది.

"మీ భుజం పైకి లేవడం లేదు కదూ?"

"నిన్నెవరు రమ్మన్నారు?"

"పిడి పక్కకు పెట్టి లాగితే పిన్ను తిరగదు, వంగుతుందంతే. అప్పటికి తీగ బాగానే పలుకుతుంది, నాలుగు రోజులకు స్వరం దిగిపోతుంది. పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారండీ!"

"నాకే పాఠాలు చెబుతావా!" అని గట్టిగా అరిచాడు. అరిచి, కుర్చీలో కూలబడ్డాడు. "ఈ చెయ్యి పోయాక నేనెందుకే?..."

ఆమె కళ్ళు నిండిపోయాయి. 'నేనెందుకు' అని తను ఎన్ని మధ్యాహ్నాలు అనుకుందో ఆయనకేం తెలుసు!

"ఎడమ చెయ్యి ఉందిగా, నేర్చుకోండి. మీట నేను నొక్కుతాను."

"ఈ వయసులో ఓనమాలు దిద్దమంటావా?"

"దిద్దండి. బెత్తం నా దగ్గరుంటుంది లెండి!"

ఆయన నవ్వలేదు. కానీ జరిగి ఆమెకు చోటిచ్చాడు. పిడి నిటారుగా తొడిగి, ఎడమ మోచెయ్యి పియానో మీద ఆనించాడు. ఆమె మీట నొక్కింది. అలవాటు లేని ఎడమ చేతికి పట్టు దొరకలేదు. తీగ మరీ పైకి పోయింది, దించితే మరీ కిందికి వచ్చింది. చెమటలు కక్కుతూ మళ్ళీ లాగాడు, మళ్ళీ దించాడు. చివరికి చెయ్యి తీసి, ఆమె వైపు తిరిగాడు.

"ఎలా ఉంది?"

ఇన్నేళ్ళ కాపురంలో తన పని గురించి ఆమెను అడగడం అదే మొదలు! బాగుందని చెప్పేసి, ఆ మొహంలో కాస్త వెలుగు చూడాలని ప్రాణం కొట్టుకుంది.

"ఇంకా నిలవలేదండీ," అంది ఏడుస్తూనే.

ఆయన తలూపాడు. "ఊఁ... మళ్ళీ నొక్కు."