రాజు దూకని ఎత్తు

"ఈసారి నువ్వు గురిపెట్టాల్సింది మీ వదినకి," అన్నాడు చీఫ్.

గుమాస్తా తలెత్తాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని మారుపేరు 'గుమాస్తా'. ఎవరూ రెండోసారి చూడని ముఖం మరి. చీఫ్ బల్ల మీదికి మూడు ఫొటోలు తోశాడు. మూడింటిలోనూ వదినే, పక్కన విదేశీ ముఠా మనుషులు.

"అన్నయ్య పోయాక మనకోసమే కదా సార్ ఆవిడ వాళ్ళలో చేరింది?"

"చేరింది. ఏడు నెలలుగా కబురు లేదు. ఇవాళ మధ్యాహ్నం మ్యూజియంలో శాంతిదూతతో పాతకాలం పద్ధతిలో చదరంగం ఆడుతోంది. దూతని అక్కడే లేపేస్తారట. ఎలాగో తెలీదు. ఆట మానుకోండంటే ఆయన వినడు, భయపడ్డాననుకుంటారట! ఆవిడ చెయ్యి తేడాగా కదిలితే కాల్చెయ్."

మధ్యాహ్నానికి గుమాస్తా అంపైర్ కోటులో బల్ల పక్కన నిలబడ్డాడు. జేబులో పెన్ను పిస్టల్. పావులన్నిటినీ పొద్దున్నే విషం పసిగట్టే స్ట్రిప్‌తో తుడిచి చూశాడు. ఏదీ రంగు మారలేదు.

పట్టుచీరలో వదిన మెరిసిపోతోంది. అతని వైపు కన్నెత్తి చూడలేదు. జేబులోనే అతను పెన్నుని ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాడు. తెల్లపావులు దూతవి. ఆయన వెనక, వదినతో పాటు వచ్చిన దుబాసీ చేతులకు గ్లవ్స్‌తో పావుల్ని వరసలో సర్దాడు.

ఆడుతూనే వదిన ఆట చరిత్ర చెబుతోంది. "అప్పట్లో మంత్రి ఐమూలగా ఒక్క గడే నడిచేవాడండీ. బంటు మొదట్లోనే రెండు గళ్ళు వెయ్యడం తరవాత వచ్చిన రూలు. రాజుకి మాత్రం ఒక వరం. ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు." ఏనుగుని జరిపింది. "చెక్!"

దూత నుదురు చిట్లించాడు. "ఇరుక్కున్నానే!"

"చెక్ పడితే ఏంటండీ? రాజుని దూకించండి."

గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. చెక్ పడ్డ రాజుకి ఆ హక్కు పోతుంది. అన్నయ్య పెళ్ళయిన కొత్తల్లో, అన్నం బల్ల మీద ఈ ఆట అతనికి నేర్పింది ఈవిడే. ఆ రూలు దగ్గర అతను ఎన్నిసార్లు తొండి చేశాడో, అన్నిసార్లూ చెవి మెలిపెట్టింది.

రూలు తప్పు చెప్పే మనిషి కాదు. కావాలనే చెప్పింది. రాజు!

దూత వేళ్ళు పావుకి అంగుళం దూరంలో ఉన్నాయి.

"ఇల్లీగల్ మూవ్!" గుమాస్తా ఆయన మణికట్టు ఒడిసిపట్టాడు. రెండో చేత్తో స్ట్రిప్ తీసి రాజుకి తాకించాడు. క్షణంలో నీలంగా మారింది. సర్దేటప్పుడే పావు మార్చేసిన దుబాసీ తలుపు దాకా పరిగెత్తి, అక్కడి గార్డుల చేతుల్లో పడ్డాడు.

వదినకీ సంకెళ్ళు పడ్డాయి. విచారణ తప్పదు. కారు దగ్గర ఆగింది.

"ఆ దుబాసీ నెలల తరబడి నా నీడలా తిరిగాడు. కబురు పంపే దారే లేదు. వాడికి ఆట రాదు కాబట్టి బతికాం. నన్ను నమ్మావన్నమాట?"

అతను తలదించుకున్నాడు. "లేదు వదినా. పెన్ను మీ మీదే గురిపెట్టాను."

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి కారెక్కింది.

అతను లోపలికి వచ్చేసరికి దూత ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. "మరి ఆట ఎవరు గెలిచినట్టు?"

గుమాస్తా స్కోరు కాగితం తీసుకుని రాశాడు: 'ఫలితం తేలలేదు. తెల్లరాజును ల్యాబ్‌కి పంపడమైనది.'