కింది అరకు దిగిన పురాణం

దేవవ్వ ఇల్లు అలికిందంటే వంక పెట్టడానికి వీల్లేదు. ఎల్లారెడ్డిలో ఆ వాడకట్టు ఆడవాళ్లంతా ఒప్పుకున్న మాట అది. ఆ శుక్రవారం పొద్దున కూడా కొంగు నడుముకు చెక్కి, పేడనీళ్ల కుండ పక్కన పెట్టుకుని ముందరి గదిలో కూర్చుంది. ఇల్లంతా ఒకసారి అలికితే, అల్మారి ముందర మాత్రం రెండోసారి, మూడోసారి. దాని ముందరి కాళ్ల చుట్టూ, పసిపిల్ల కాళ్లు కడిగినంత ప్రేమగా చేత్తో నిమిరి, ఆ తడి మీదే ముగ్గు పెట్టింది.

కోడలు శాంతవ్వ పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడి చూస్తోంది.

"గాడ గంత తడెందుకు అత్తమ్మా?"

"నీకెందుకు పిల్లా? మీ మామ జాగ అది. ఎండిపోయి ఉంటే మంచిగుంటదా?"

మామ అంటే ముత్తయ్య. ఆయన పోయి ఏడాది దాటింది. చేసింది వ్యవసాయమే కానీ మనసంతా పుస్తకాల మీదే. వడ్ల బండి తోలుకుని కామారెడ్డి పోయినప్పుడల్లా, స్టేషన్ ముందర పుస్తకాలమ్మే యాకూబు దగ్గర కూర్చుండిపోయేవాడు. బండి తిరిగొచ్చేసరికి ఉప్పు బస్తా పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన పురాణం ఒకటి దిగేది. అలా చేరిన పుస్తకాల కోసం మనిషికంటే ఎత్తుగా, సన్నగా, నాలుగు అరలతో, రెండు తలుపులతో ఈ అల్మారి చేయించాడు. సాయంత్రం దీపం పెట్టాక ఆయన చదవడం, పక్కన కూర్చుని దేవవ్వ వినడం. ఆమెకు అక్షరం రాదు. కానీ ఆ కథల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగితే తడుముకోకుండా చెప్పేది.

ఆయన పోయాక ఎర్రగుడ్డ విప్పినవాళ్లు లేరు. కొడుకు పర్శరాములు బడిలో చదివిందంతా ఉర్దూ. నిజాం రాజ్యంలో చదువంటే అదే కదా! తెలుగు అక్షరాలు కూడబలుక్కునే లోపు వాడికి నిద్రొస్తుంది. శాంతవ్వకు తెలుగు చక్కగా వచ్చు, కామారెడ్డిలో వాళ్ల అన్న నేర్పాడు. అయితే చదవమని అత్త అడగలేదు, చదువుతానని కోడలు అనలేదు. అత్తాకోడళ్లు కదా, ఎవరి బింకం వాళ్లది.

ఇంతలో ఒక విచిత్రం మొదలైంది. ఒక సాయంత్రం దేవవ్వ దీపం పట్టుకుని అల్మారి ముందు నుంచి పోతుంటే, కుడివైపు తలుపు కిర్రుమంటూ దానంతటదే తెరుచుకుంది. దేవవ్వ నిలబడిపోయింది. "వచ్చినవా?" అంది మెల్లగా. ఆరోజు నుంచి ప్రతి సాయంత్రం తలుపు తెరుచుకుంటూనే ఉంది, ఆమె అల్మారి ముందర చెంబెడు నీళ్లు పెడుతూనే ఉంది. చదివి చదివి ఆయనకు గొంతెండేది మరి.

కొడుకూ కోడలూ ఆ తలుపు సంగతి ఎత్తేవాళ్లు కాదు. ఎట్లా ఎత్తుతారు?

శాంతవ్వ భయం వేరు. పది నెలల కూతురు భాగ్య ఇప్పుడు ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోంది. నిన్న అల్మారి కింది అర పట్టుకుని లేవబోతే, అంత పెద్ద అల్మారి గోడ వదిలి ముందుకు ఊగింది. శాంతవ్వ ఉరికి పట్టుకుంది. ఊగదా మరి! దిండ్లంత లావు పురాణాలన్నీ పై అరలోనే ఉన్నాయి. అదీ నట్టనడుమ, దేవుణ్ణి కూర్చోబెట్టినట్టు. ఆ బరువుకు పై చెక్క ఉయ్యాలలా కిందికి వంగింది. మధ్య అరల్లో సన్న పుస్తకాలు. అన్నిటికంటే కింది అర ఖాళీ. పుస్తకం సరస్వతి కాబట్టి కాళ్ల దగ్గర పెట్టకూడదని దేవవ్వ పట్టుదల.

రొట్టెలు తినేటప్పుడు శాంతవ్వ మెల్లగా కదిపింది.

"అత్తమ్మా, మన కుండల దొంతిల పెద్దది పైన పెట్టి, చిన్న గురిగి కింద పెడ్తమా?"

"ఎవలన్న పెడ్తరా? పిచ్చి లేసిందా?"

"మరి అల్మారిల గట్లనే పెట్టినం గద. పోరి పట్టుకుంటే ఊగుతున్నది. పురాణాలు కిందికి దించుదమా?"

దేవవ్వ చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది.

"అవి కుండలు. ఇది దేవుడు. దేవున్ని తీసి కాళ్లకాడ పెడ్తవా? ఏంరా పర్శరాములూ, నీ పెండ్లాం ఏమంటున్నదో వింటున్నవా?"

పర్శరాములు రొట్టెలో ఏదో వెతుక్కుంటున్నట్టు తలొంచుకున్నాడు. ఇట్లాంటప్పుడు ఆ మహానుభావుడికి రొట్టె మీద ఎక్కడలేని శ్రద్ధ.

దేవవ్వ పప్పు విసరడానికి పక్కింటి నర్సవ్వ దగ్గరికి పోగానే, శాంతవ్వ పిల్లను పడుకోబెట్టి పీట ఎక్కింది. పర్శరాములు ఒక్కో పురాణం అందుకుని కింది అరలో సర్దాడు.

"అవ్వ వస్తే నేను ఇంట్ల లేనే లేను," అన్నాడు.

"ఎప్పుడున్నవు గనుక!" అంది శాంతవ్వ. అతను నవ్వి పెరట్లోకి జారుకున్నాడు.

దేవవ్వ వచ్చింది. చూసింది. పప్పు చేట కింద పెట్టింది.

"ఎవలు దించిన్రు?"

"నేనే అత్తమ్మా. బరువు కింద ఉంటే..."

"బరువా? మీ మామ పానం పెట్టుకున్న పుస్తకాలు నీకు బరువైనయా?" దేవవ్వ గొంతు వాకిట్లోకి వినిపించింది. "ఇయ్యాల పురాణాన్ని దించినవు. రేపు నన్ను దించుతవు. మూలకు ఒక చాప ఏసి, ఈడ పడి ఉండు ముసల్దానా అంటవు. గంతేనా?"

శాంతవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, గట్ల ఎప్పుడన్న అన్ననా? నా బిడ్డ మీద పడ్తదని భయమైతున్నది."

"పడనిస్తడా ఆయన? రోజూ వస్తుండు ఇంటికి! మనుమరాలి మీద పడనిస్తడా?"

ఆయన రావడం లేదు, అల్మారి ముందుకు ఒరిగి తలుపు జారుతోంది. ఆ మాట శాంతవ్వ నాలుక చివరిదాకా వచ్చింది. అత్త ముఖం చూసింది. మాట మింగేసింది.

దేవవ్వ పీట ఎక్కి, ఒక్కో పురాణాన్ని కళ్లకద్దుకుంటూ మళ్లీ పై అరలో నట్టనడుమ పేర్చడం మొదలుపెట్టింది. శాంతవ్వ ముక్కు చీదుకుంటూ పక్కకు తిరిగింది. అరుపులకు లేచిన భాగ్య ఎప్పుడు పాకుతూ వచ్చిందో ఎవరూ చూడలేదు. చివరి పురాణం దేవవ్వ చేతిలో ఉండగా, పిల్ల కింది అర పట్టుకుని లేచింది.

అల్మారి కదిలింది.

దాని పై అంచు తన మీదికి రావడం దేవవ్వ చూసింది. వంగి కింద చూస్తే మనుమరాలి పిలక. చేతిలో ఉన్న పురాణాన్ని వదిలేసింది! ఏ పుస్తకాన్నయితే కాళ్ల దగ్గర పెట్టనివ్వలేదో, దాన్ని నేల మీద పడేసి, పీట మీది నుంచి దూకి పిల్లను రెండు చేతులా లాక్కుని పక్కకు దొర్లింది. "ఏమయ్యో!" అని కేకేసి శాంతవ్వ అల్మారికి భుజం ఆనించింది. పర్శరాములు ఉరికొచ్చి పట్టుకున్నాడు. పురాణాలు ధబధబా జారిపడ్డాయి. ఒకటి పర్శరాములు వీపు మీదే పడింది. మంచిపనే అయింది.

అల్మారిని గోడకు ఆనించాక అందరికీ ఊపిరి వచ్చింది. నాయనమ్మ ఒళ్లో భాగ్య చప్పట్లు కొడుతోంది, మళ్లీ పడేయమన్నట్టు.

దేవవ్వ మాత్రం అల్మారి కాళ్ల వైపే చూస్తోంది. పొద్దున పెట్టిన ముగ్గు పగిలిపోయింది. ముందరి రెండు కాళ్లూ మెత్తటి మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూసింది. తడి. పక్క నుంచి తొంగి చూస్తే, అలికేటప్పుడు చెయ్యి పోని వెనక కాళ్ల దగ్గర నేల ఎండి రాయిలా ఉంది.

"ఎనక నా చెయ్యి పోదు," అంది తనలో తనే అనుకుంటున్నట్టు. "ముందటనే అలికిన. ఏడాది సంది గీడనే తడిపిన. నేనే ముందుకు ఒరిగేటట్టు చేసిన."

"తెల్వక చేసినవు అత్తమ్మా. పోనీ."

దేవవ్వ లేచి కుడి తలుపు మూసింది. అది కిర్రుమని తెరుచుకుంది. మళ్లీ మూసింది. మళ్లీ తెరుచుకుంది.

"గిదేనా?" అంది.

వెనక్కి తిరిగి కొడుకునీ కోడలినీ చూసింది.

"మీకు ఎరికేనా?"

పర్శరాములు తల దించుకున్నాడు. శాంతవ్వే చెప్పింది. "ఎరికే అత్తమ్మా. నోట్లకెళ్లి మాట రాలే."

దేవవ్వ పురాణాల మధ్య కూలబడి ఏడ్చింది. భర్త పోయిననాడు కూడా పదిమందిలో గట్టిగా ఉన్న మనిషి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. "ఆయనే అనుకున్న గదనే. రోజూ నీళ్లు పెట్టిన గదనే."

శాంతవ్వ పక్కన కూర్చుని అత్త చెయ్యి పట్టుకుంది. "పెడితే ఏమైంది? ఆ నీళ్లు నేను ఒక్కనాడు గూడ పారబొయ్యలే. పొద్దుగాల తులసికి పోస్తున్న."

ఆ మాటకు దేవవ్వ కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, ముక్కు చీది, ఎప్పటి దేవవ్వ అయింది.

"ఏంరా, బొమ్మ లెక్క నిలబడ్డవు? పెరట్ల నాలుగు బండలున్నయి, తే. నాలుగు కాళ్ల కిందికి పెట్టు. ఒకటి ఎత్తు ఒకటి పొట్టి కావద్దు."

"మరి పురాణాలు ఏడ పెడుదం అత్తమ్మా?" శాంతవ్వ భయపడుతూనే అడిగింది.

"కిందనే పెట్టు. దేవుడు అటుక మీద కూసుంటడా? గద్దె మీద కూసుంటడు. మనమే వంగి మొక్కుతం. ఆ బండలే గద్దె." అని ఒక్క క్షణం ఆగి, "గట్ల నడుమల కుప్ప పొయ్యకు! రెండు దిక్కుల పక్క చెక్కలకు ఆనిచ్చి నిలబెట్టు, చెక్క వంగదు. నడుమల అల్కటివి, బరువు లేనివి పెట్టు. దొంతి పెట్టుడు నీకు నేర్పింది ఎవలనుకున్నవు?" అంది.

"నువ్వే అత్తమ్మా," అంది శాంతవ్వ, నవ్వు ఆపుకుంటూ.

వంగిన పై చెక్కను తిరగేసి బిగించారు. సన్న పుస్తకాలు, పర్శరాములు ఉర్దూ వాచకాలు పైకెక్కాయి. అల్మారి నెత్తిన రెండు మూలలకూ తాడు కట్టి, గోడకు కొత్తగా కొట్టిన ఇనుప కొక్కేలకు బిగించాడు పర్శరాములు. దేవవ్వ రెండు చేతులతో పట్టి లాగి చూసింది. నమ్మకం కుదరక కొడుకుతో లాగించింది. అల్మారి కదల్లేదు. తలుపులు మూస్తే మూసినట్టే ఉన్నాయి.

పొద్దుగూకింది. శాంతవ్వ దీపం పెట్టింది. దేవవ్వ అలవాటు కొద్దీ చెంబెడు నీళ్లు తెచ్చి అల్మారి ముందర పెట్టి కూర్చుంది. ఆ తలుపు ఇక తెరుచుకోదని తెలుసు. తెలిసినా కళ్లు అటే పోతున్నాయి. తలుపు ఊరుకుంది. ఆమె ముఖం చూడలేక పర్శరాములు దీపం వత్తి సరిచేసే పని పెట్టుకున్నాడు.

శాంతవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి, తనే తలుపు తెరిచింది. నేల మీద కూర్చుని కింది అరలోంచి పురాణం తీసి కళ్లకద్దుకుని, ఎర్రగుడ్డ విప్పింది. పుటల మధ్య గుర్తుకు పెట్టిన ఎండు జొన్నాకు కనిపించింది.

"మామ ఈడ ఆపిండు అత్తమ్మా," అంది. "ఈడికెళ్లి చదువనా?"

దేవవ్వ కోడలి దగ్గరికి జరిగి కూర్చుంది. "చదువు బిడ్డా. మెల్లగ చదువు. ఆయన మెల్లగనే చదివేటోడు."

శాంతవ్వ చదవసాగింది. మొదట తడబడింది, తర్వాత దారిలో పడింది. ఒకచోట ఆగితే, ఆ మాట అన్నది ఎవరో, ఎవరితో అన్నారో దేవవ్వ చెప్పింది. కథ ఆమెకు ఎక్కడికక్కడ గుర్తుంది. భాగ్య పాకుతూ వచ్చి, కింది అర పట్టుకుని లేచి నిలబడింది. ముగ్గురూ ఒక్కసారి అటు చూశారు. అల్మారి చెక్కుచెదరలేదు. పిల్ల ఒక పురాణం మీద చెయ్యేసి దర్జాగా నిలబడింది.

పుట తిప్పబోతూ శాంతవ్వ చిన్నగా దగ్గింది. దేవవ్వ అల్మారి ముందర పెట్టిన చెంబు తీసి కోడలి చేతికిచ్చింది.

"తాగు బిడ్డా. చదివేటోళ్లకు గొంతెండుతది."